ఏమీ వద్దన్న కేడెట్

పూర్వతీర విశ్వవిద్యాలయంలో ఏదైనా కావాలని అడిగినవాళ్ళకి పని ఆలస్యమవుతుంది, అంతే. ఏమీ వద్దన్నవాళ్ళకి మాత్రం ఏ గదిలోకి వెళ్ళాలో చెప్పే నాథుడే ఉండడు. ఈ సంగతి ముందే తెలిసుంటే లోలుగు గౌరీశ్వరి, పాపం, ఒక స్కాలర్‌షిప్ అడిగి పారేసేది.

అడగడానికి ఆ పిల్లకి వీల్లేకపోయింది. విశ్వవిద్యాలయంలో నౌకాధికారి శిక్షణ విభాగం పెట్టారనీ, ఎంపికైనవాళ్ళకి ఫీజు, యూనిఫాం, మెస్సు అన్నీ ఉచితమనీ విని ఏడాదిపాటు రాత్రనక పగలనక చదివింది. తీరా స్కాలర్‌షిప్ పరీక్షనాటికి టైఫాయిడ్ వచ్చి మంచమెక్కింది. జ్వరం దిగాక గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక విభాగంవాళ్ళు అచ్చు వేసిన నిబంధనల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచీ చదివింది. అలా చదివిన మొట్టమొదటి మనిషి బహుశా ఆ పిల్లే. ఏడో నిబంధన దగ్గర లేచి కూర్చుంది. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో కూడా చేరవచ్చనీ, ఏడాది చివర సముద్రం మీద జరిగే పడవ పరీక్ష నెగ్గితే అందరితోపాటు అధికారి ఎంపికకు పంపుతామనీ అందులో ఉంది.

తండ్రి తవుడు పలాస పక్కన జీడిపిక్కల బట్టీ నడుపుతాడు. సంగతి విని చేతులకంటిన జీడి మరకలు చూసుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"ఫీజే కదేటి అమ్మీ. రెండు బట్టీలు ఎక్కువేద్దుం. నీకు ఓడెక్కాలనుంది. ఎక్కు" అన్నాడు.

అంతే, పిల్ల కాళ్ళు నేలమీద ఆనలేదు. మర్నాడే బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళింది.

విభాగం సూపరింటెండెంటు కూర్మనాథం మంచివాడే. తల ఎత్తకుండా మంచివాడు.

"స్కాలర్‌షిప్ నంబరు?" అన్నాడు.

"లేదండి."

"లేకపోతే పక్క గదిలో ఇస్తారు, తెచ్చుకోమ్మా."

"నాకు స్కాలర్‌షిప్ లేదండి. ఉత్తినే చేరతానండి. ఫీజు కడతాం."

కూర్మనాథం తల ఎత్తాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన రకరకాల జనాన్ని చూశాడు. కులం మార్చుకొచ్చినవాళ్ళని చూశాడు, వయసు తగ్గించుకొచ్చినవాళ్ళని చూశాడు, చనిపోయినవాళ్ళ పేరుమీద వచ్చినవాళ్ళని కూడా చూశాడు. వాళ్ళందరికీ ఏదో ఒకటి కావాలి కాబట్టి ఆయనకి వాళ్ళు అర్థమయ్యారు.

"ఏమీ వద్దా?" అన్నాడు మెల్లగా.

"వద్దండి."

"మరి ఎందుకొచ్చావు?"

"నేర్చుకోడానికండి."

కూర్మనాథం లేచి తలుపు దగ్గరగా వేశాడు. "చూడమ్మా, నాకూ ఆడపిల్లలున్నారు. అసలు సంగతేంటో నాకు చెప్పు. పైకి పోనివ్వను" అన్నాడు గొంతు తగ్గించి.

గౌరి పుస్తకం తీసి ఏడో నిబంధన చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, పుస్తకం తిరగేసి అట్ట చూసి, ఇది మనదేనని తేల్చుకుని తల పట్టుకున్నాడు. ఆ నిబంధన ఎవరో విదేశీ విశ్వవిద్యాలయంవాళ్ళ పుస్తకంలోంచి, పేజీలు నిండుగా ఉంటాయని ఎత్తి వేసుకున్నది. దాన్ని పట్టుకుని నిజంగా ఒక మనిషి వస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి?

విషయం విభాగం డైరెక్టరు ఆచార్య నిష్ఠల విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన సముద్రాన్ని తన కిటికీలోంచి చూసి, అలల చప్పుడుకి పని సాగడం లేదని అద్దాలు వేయించుకున్న మనిషి. ఆయన మాట్లాడితే అచ్చు ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"విషయం పరిశీలనార్హమైనదే. అయితే పరిశీలించుటకు ముందు దాని పరిశీలనార్హతను పరిశీలించవలసి యున్నది. ఏ ప్రయోజనమునూ ఆశించని అభ్యర్థి యొక్క ఉద్దేశములను విచారించుటకు ఒక ఉపసంఘమును నియమించడమైనది" అన్నారు. తానే అధ్యక్షుడిగా నియమించేసుకున్నారు కూడా.

ఉపసంఘం ముందుకి తవుడిని పిలిపించారు. ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతిలో ఒక జీడిపప్పు పొట్లంతో వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ కుమార్తె ఈ విశ్వవిద్యాలయము నుండి ఏమి పొందగోరుచున్నది?" అన్నారు విశ్వపతి గారు.

"సదువు వత్తాది కదేటి బాబూ."

"చదువు సరేనయ్యా. లబ్ధి ఏమిటి?"

"అదే కదా బాబూ సెప్తన్నాను. సదువు."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూర్మనాథం రాస్తున్న కలం ఆపి, "చదువు కోసం చదువు అని రాయమంటారా సార్?" అని అడిగాడు. ఆ పద్దు విశ్వవిద్యాలయంలో ప్రస్తుతానికి లేదని విశ్వపతి గారు విచారం వెలిబుచ్చారు. తవుడు తెచ్చిన పొట్లం బల్ల మీద పెట్టగానే మాత్రం అందరి మొహాలూ తేటపడ్డాయి. ఇదీ సంగతి, లంచం ఇస్తున్నాడు కాబట్టి ఏదో కావాలన్నమాట, మనిషి మామూలువాడే అనుకున్నారు.

"ఏటీ వద్దు బాబూ, సంఘం బాబులు గంటనించీ కూకున్నారు, ఆకలేస్తాదని తెచ్చేను" అన్నాడు తవుడు. మళ్ళీ అందరి మొహాలూ మాడిపోయాయి. పప్పు మాత్రం తిన్నారు.

చివరికి తహసీల్దారు దగ్గర్నుంచి 'ఈమెకు ఏమియు అక్కరలేదు' అని ధ్రువపత్రం తెమ్మన్నారు. తహసీల్దారు ఆఫీసులో అలాంటి నమూనా లేక, 'ఆదాయము లేదు' అనే నమూనాలో ఆదాయము కొట్టేసి ఆశ అని రాసి ముద్ర వేశారు. 'ఈమెకు ఆశ లేదు' అన్న ఆ కాగితం పట్టుకుని గౌరి నౌకాధికారి శిక్షణలో చేరింది.

విభాగంలో అప్పటికే స్కాలర్‌షిప్ కేడెట్లు పదకొండు మంది ఉన్నారు. తెల్లటి ఇస్త్రీ బట్టల్లో జెట్టీ మీద వరసగా కూర్చుని, చేతుల్లో తెడ్లు పట్టుకుని గాలిని తోస్తున్నారు. పక్కనే నీళ్ళున్నాయి. నీళ్ళలో పడవుంది. పడవలో ఎవరూ లేరు.

"వీళ్ళు పడవెక్కరాండీ?" అని గౌరి బోటు మాస్టరు దాలయ్యని అడిగింది.

దాలయ్య తుపుక్కున సముద్రంలోకి ఉమ్మి, "ఎలగెక్కుతారు? ఆళ్ళు యూనివర్సిటీ ఆస్తి. ఒక్కోడి మీద ఇంత పెట్టుబడెట్టేరు. నీళ్ళలో ఎట్టి ఏ కెరటమో లాక్కుపోతే ఆడిట్‌కి జవాబెవుడు సెప్తాడు? అందుకని నీళ్ళు ముట్టకుండా నేర్పమని ఆర్డరు" అన్నాడు.

"మరి నేనండి?"

"నీ మీద ఆళ్ళేటి ఎట్టేరు? ఏటీ నేదు. నువ్వు ములిగిపోయినా ఎవుడూ అడగడు. ఎక్కు" అన్నాడు.

గౌరి ఎక్కింది. మొదటి కెరటానికి నోటినిండా ఉప్పునీళ్ళు, రెండో కెరటానికి అరచేతుల్లో బొబ్బలు. దాలయ్య బూతులొక్కటే తక్కువ, అన్నీ తిట్టాడు. ఒడ్డు దూరమై, జెట్టీ మీద పదకొండు మందీ చిన్న తెల్లచుక్కలైపోయాక, తెడ్డు ఒక్కసారి సరిగ్గా పడి పడవ ఆమె మాట విని ముందుకి జారింది. గౌరి గట్టిగా అరిచేసింది. అంత సంతోషం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎరగదు.

అలా కొన్ని నెలలు ఎవరూ పట్టించుకోని అదృష్టంతో హాయిగా గడిచాయి. కెరటం వచ్చే వాటం, గాలి మళ్ళే వైపు, చుక్కాని ఎక్కడ లొంగుతుందో ఎక్కడ మొండికేస్తుందో అన్నీ తెలిశాయి. పడవ పరీక్ష నెగ్గడం ఖాయమని దాలయ్య కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అంటే తిట్టడం మానేశాడు.

ఇక్కడ ఉపకులపతి గారికి ఒక ప్రసంగం అవసరం పడింది. ఏదో సభలో యువతరం గురించి మాట్లాడాలి, ఉదాహరణ ఒక్కటీ దొరకడం లేదు. కూర్మనాథం చెవిలో ఊదాడు. అంతే. "మా విశ్వవిద్యాలయంలో ఒక బాలిక స్కాలర్‌షిప్పును తృణప్రాయంగా తిరస్కరించి సాగరాన్ని వరించినది!" అని ఉపకులపతి గారు మైకు అదిరేలా చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"నేను తిరస్కరించలేదండి. టైఫాయిడ్ వచ్చిందండి" అని గౌరి కూర్మనాథంతో మొత్తుకుంది.

"ఆ వినయమే నిన్ను ఇంతదాన్ని చేసింది తల్లీ" అన్నాడు ఆయన. కిందటి జూన్‌లో తలుపులు వేసి అసలు సంగతి చెప్పమన్నది ఈ మనిషే!

ఆ వారం ఉపకులపతి గారు సన్మానం చేశారు. ఉపకులపతి చేశాక రిజిస్ట్రారు చేయకపోతే బాగుండదు. రిజిస్ట్రారు చేశాక వృక్షశాస్త్ర విభాగంవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. తరవాత బోధనేతర సిబ్బంది సంఘం, రెండుగా చీలిన బోధనేతర సిబ్బంది సంఘంలో రెండో ముక్క, ఊళ్ళో బంగారం వర్తకులు, విశ్రాంత ఇంజనీర్లు. ప్రతి సన్మానానికీ ఒక శాలువా, ఒక జ్ఞాపిక, గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో గౌరి ఫొటో తపాలాబిళ్ళంత, మిగతావాళ్ళవి తలుపులంత. సన్మానాలన్నీ పొద్దున్నే, సరిగ్గా పడవ వేళకే. ముఖ్య అతిథి రావడం ఆలస్యం, వచ్చాక ఆపడం ఆలస్యం. త్యాగం గురించి అందరూ మాట్లాడి ముగించేసరికి పోటు తగ్గి పడవ ఇసకలో కూర్చునేది.

గౌరికి ఒళ్ళు మండిపోయింది. సన్మానాలు ఇంక వద్దనీ, పరీక్ష దగ్గరపడిందనీ, దయచేసి పడవ తోసుకోనివ్వమనీ విశ్వపతి గారికి అర్జీ పెట్టుకుంది. ఆయన చదివి చలించిపోయారు. సన్మానాన్ని సైతం తిరస్కరించిన వ్యక్తి విశ్వవిద్యాలయ చరిత్రలో లేరని, అందుకుగాను ఆమెను ఘనంగా సన్మానించాలని తీర్మానం చేశారు. ఆ సన్మానం రెండు రోజులు జరిగింది.

ఇక జెట్టీ మీద గాలిని తోస్తున్న పదకొండు మందికీ కడుపు మండకుండా ఉంటుందా? వాళ్ళూ మనుషులే. "ఆవిడ వదిలేస్తే శాలువాలు, మేం తీసుకుంటే నెలనెలా హాజరుకి వేలిముద్రలా? మేమూ వదిలేస్తాం" అన్నారు. ఉపకులపతి గారు పరవశించి 'త్యాగ ప్రోత్సాహక పథకం' ప్రకటించారు. దాని ప్రకారం స్కాలర్‌షిప్ వదులుకున్న ప్రతి కేడెట్‌కీ, వదులుకున్నందుకు ప్రోత్సాహకంగా, స్కాలర్‌షిప్ కంటే కాస్త ఎక్కువ మొత్తం ఇస్తారు. పదకొండు మందీ ఆ సాయంత్రమే త్యాగం చేసేశారు.

పథకం అన్నాక వేదిక మీద ఒక లబ్ధిదారు నిలబడాలి కదా? త్యాగానికి ఆద్యురాలే తొలి లబ్ధిదారు కావడం సముచితమని విశ్వపతి గారు సెలవిచ్చారు. గౌరిని వేదిక ఎక్కించి, మనిషంత పొడుగున్న థర్మోకోల్ చెక్కు చేతుల్లో పెట్టి, వెనక్కి తగ్గేలోపు ఫొటో తీసేశారు. మిగతా పదకొండు మందికీ నిధులు విడుదలయ్యాక చూద్దామన్నారు. నిజానికి గౌరికీ పైసా రాలేదు. వచ్చింది థర్మోకోలే.

మర్నాడు పొద్దున్న పడవ దగ్గరికి వెళితే దాలయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కకమ్మా. నువ్వూ ఆస్తివైపోనావు" అన్నాడు. ఈసారి ఆయన ఉమ్మలేదు.

గౌరి పరుగున ఆఫీసుకి వెళ్ళింది. కూర్మనాథం ఎంతో ఓర్పుగా విడమరిచి చెప్పాడు.

"నువ్వు చేరింది స్కాలర్‌షిప్ లేని సీటులో కదమ్మా. ఇప్పుడు నువ్వు ఆర్థిక సహాయం పొందినదానివి. ఫొటో పేపర్లో కూడా పడింది. ఆ సీటు రద్దు. సీటు లేకపోతే పడవ పరీక్షలో పేరు ఉండదు."

"డబ్బు రాలేదు కదండీ!"

"డబ్బు అంతర్గత విషయం. ఫొటో బహిర్గతం."

"అయితే ఆ చెక్కు తిరిగిచ్చేస్తానండి."

"ఇవ్వొచ్చు. కానీ తిరిగిస్తే అది త్యాగం కిందకొస్తుంది. త్యాగం చేసినవాళ్ళకి ప్రోత్సాహకం ఇవ్వాలి. అంటే ఇంకో చెక్కు."

"అదీ ఇచ్చేస్తే?"

"మరో చెక్కు" అన్నాడు కూర్మనాథం, నిజంగానే బాధపడుతూ. "థర్మోకోల్ కూడా అయిపోవచ్చింది తల్లీ."

"పోనీ స్కాలర్‌షిప్ సీటులో పెట్టండి. అవన్నీ ఖాళీయే కదా?"

"ఆశ లేదని ధ్రువపత్రం ఇచ్చినవాళ్ళకి స్కాలర్‌షిప్ ఎలా ఇస్తామమ్మా?"

గౌరి విశ్వపతి గారి గది ముందు నిలబడి గట్టిగానే ఏడ్చింది. ఆయన బయటికి వచ్చి, ఓదార్పుగా ఒక శుభవార్త చెప్పారు. పడవ పరీక్షకు ముఖ్య అతిథిగా ఆమెనే ఆహ్వానించారట. "పరీక్షలో కూర్చొనుటకంటే పరీక్షను ప్రారంభించుట ఉన్నతమైనది" అన్నారు.

ఇక పరీక్షకి వెళ్ళేదెవరంటే ఆ పదకొండు మందీ. త్యాగం పూర్తయింది, ప్రోత్సాహకం రాలేదు, కాబట్టి వాళ్ళిప్పుడు ఎవరి ఆస్తీ కాదు. నిక్షేపంగా నీళ్ళలో పెట్టవచ్చు. మరోలా చెప్పాలంటే, స్కాలర్‌షిప్ లేని కేడెట్లు ఇప్పుడు వాళ్ళే.

పరీక్షనాడు జెట్టీ మీద షామియానా వేశారు. మొదటి వరసలో తవుడు కొత్త పంచెలో బిగుసుకుని కూర్చున్నాడు. కూతురు చెప్పినదంతా విన్నాడు గానీ, ఆఖరి నిమిషంలోనైనా ఆళ్ళకి బుద్ధొస్తాది అమ్మీ అని ధైర్యం చెప్పాడు. ముఖ్య అతిథి పడవలో ఒక చుట్టు తిరగడం మర్యాద కాబట్టి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే మహారాజా కుర్చీ ఒకటి తెచ్చి పడవ మధ్యలో తాళ్ళతో కట్టారు. గౌరిని అందులో కూర్చోబెట్టి దండ వేశారు. తెడ్డు ముట్టుకోవద్దని, ముఖ్య అతిథి పనిచేయడం విభాగానికి అవమానమని మరీ మరీ చెప్పారు. చుట్టూ పదకొండు మందీ తెడ్లు పట్టుకుని కూర్చున్నారు. ముట్టుకోకుండా ఏడాది చదివిన నీళ్ళని భయంభయంగా చూశారు.

జెండా ఊగింది. పదకొండు తెడ్లూ ఒక్కసారి లేచాయి, ఏడాదిగా అలవాటైన వాటంలో, నీటికి జానెడు పైన, గాలిని అద్భుతంగా తోశాయి. ఒడ్డున చప్పట్లు మోగాయి. పడవ మాత్రం తన దారిన తాను అడ్డం తిరిగి, తిరుగుపోటు లాగినకొద్దీ సముద్రంలోకి కొట్టుకుపోసాగింది. మొదటి కెరటం తగలగానే ముగ్గురు వాంతి చేసుకున్నారు, ఇద్దరు అమ్మని పిలిచారు, ఒకడు తెడ్డు వదిలేశాడు.

"ఓలమ్మో, నా గుంట!" అని తవుడు కూతురికేసి చెయ్యి చాచి, కుర్చీ తన్నేసి లేచాడు. ఉపకులపతి గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇదంతా విన్యాసంలో భాగమేనన్నారు.

గౌరి దండ తీసి అవతల పారేసింది. మహారాజా కుర్చీ తాళ్ళు విప్పి దాన్ని కూడా సముద్రంలోకి తోసేసింది. చుక్కాని పట్టుకుని, "తెడ్లు దించండ్రా! నీళ్ళలోకి! నీళ్ళు కిందున్నాయి!" అని దాలయ్య గొంతుతో తిట్టింది. భయానికి వాళ్ళు దించారు. కెరటానికి ఎదురుగా పడవ ముక్కు తిప్పి, పరీక్షలో చుట్టి రమ్మన్న, నీళ్ళ మీద తేలే గుర్తు బోయా చుట్టూ తిప్పి, వరస తప్పిన చేతులన్నిటినీ ఒక దారికి తెచ్చి, పదకొండు మందినీ ప్రాణాలతో జెట్టీకి తెచ్చి ఆనించింది. ఆమె అరచేతుల్లోంచి రక్తం కారుతోంది. జెట్టీ మీద దాలయ్య ఒక్కమాట కూడా తిట్టలేదు.

కాసేపటికి విశ్వపతి గారు ఫలితాలు చదివారు. పడవ వెళ్ళినది, బోయాను చుట్టినది, తిరిగి వచ్చినది. కనుక అందులో ఉన్న అభ్యర్థులు పదకొండు మందీ ఉత్తీర్ణులు. అధికారి ఎంపికకు వాళ్ళ పేర్లు పంపడమైనది. కార్యక్రమానికి విచ్చేసి పడవను అలంకరించిన ముఖ్య అతిథికి విభాగం కృతజ్ఞతలు.

తవుడు కూతురి దగ్గరికి వచ్చాడు.

"పాసయినావేటి అమ్మీ?"

"జాబితాలో నా పేరు లేదు నాన్నా."

ఆయన ఎవరూ పిలవకుండానే వేదిక ఎక్కి, ఉపకులపతి గారి ముందున్న మైకు తన వైపు తిప్పుకున్నాడు. బట్టీ దగ్గర పనివాళ్ళని కూడా గట్టిగా కేకెయ్యని మనిషి, రెండు చేతులూ జోడించి మైకులో అడిగాడు.

"బాబూ, పెద్దోళ్ళు, సదువుకున్నోళ్ళు. మీకు దణ్ణం పెడతాను. మా గుంటకి ఏటీ ఇవ్వకండి. డబ్బులొద్దు, శాలవలొద్దు, సప్పట్లొద్దు. ఆ పరీచ్చొక్కటి ఎట్టండి. ములిగిపోతే మాకు ములిగిపోతాది. ఉత్త పరీచ్చ. అదొక్కటే అడుగుతున్నాను. ఇంకేటీ ఒద్దు బాబూ."

ఉపకులపతి గారు లేచి నిలబడ్డారు. ఆయన లేవగానే అందరూ లేచారు. చప్పట్లు సముద్రం హోరుని మింగేశాయి. విశ్వపతి గారు కూర్మనాథం వైపు వంగి, "ఈ తండ్రి పేరేమిటయ్యా? కుటుంబమే త్యాగమయము! శాలువా ఏదీ?" అన్నారు. అప్పుడే ఎవరో తవుడి భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేశారు. ఆయన లేవబోతుంటే మర్యాదగా నొక్కి పట్టారు.

గౌరి జెట్టీ మీద తడి బట్టల్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలని మర్నాడు పేపర్లో వేశారు.